గుడి గోడను ఆనుకున్న గదిలో జీవితాంతం: మధ్యయుగ ఇంగ్లండ్ ఏకాంతవాసుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యయుగంలో ఇలాంటి ఏకాంతవాసులు ఐరోపా అంతటా ఉన్నారు. ఇక్కడ మాత్రం ఎక్కువగా ఇంగ్లండ్ గురించే, 1100 నుంచి 1539 దాకా ఉన్న కాలం గురించే చెప్పుకుందాం. బిషప్‌ల రిజిస్టర్లు, రాజు ఖజానా లెక్కలు, వీలునామాలు, గుడి (చర్చి) గోడల్లో నేటికీ మిగిలిన చిన్న కిటికీలు, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు అక్కడే బాగా ఉంది.

ఏకాంతవాసి అంటే ఎవరు? మఠంలోని సన్యాసినికీ, అడవిలోని తపసికీ తేడా ఏమిటి?

బిషప్ అనుమతితో గుడికి ఆనించి కట్టిన గదిలోకి వెళ్ళి, చచ్చేదాకా బయటికి రానని మాట ఇచ్చిన మనిషి ఏకాంతవాసి. ఇంగ్లీషులో ఆంకరైట్ అంటారు, ఆడవాళ్ళయితే ఆంకరెస్. మఠంలోని కన్యస్త్రీ పదిమందితో కలిసి ఆ మఠానికి పెద్ద అయిన ఒకావిడ ఆజ్ఞ కింద బతుకుతుంది. ఏకాంతవాసికి అలాంటి సమూహం లేదు. హెర్మిట్ అనే తపసి కూడా ఒంటరివాడే గాని అతని కాళ్ళకు కట్టుబాటు లేదు. ఊరు మారవచ్చు, భిక్ష అడగవచ్చు. వంతెనలు బాగుచేయించినవాళ్ళు, ఓడలకు దీపం పెట్టినవాళ్ళు, రేవు దగ్గర ప్రయాణికులకు సాయం చేసినవాళ్ళు హెర్మిట్లలో చాలామంది ఉన్నారు. ఏకాంతవాసి మాత్రం ఒకచోట స్థిరం. పైగా ఆ చోటు కొండగుహ కాదు, ఊరి నడిబొడ్డు. పెళ్ళిళ్ళూ, అంత్యక్రియలూ, సంత కబుర్లూ అన్నీ ఆ గది గోడ పక్కనుంచే సాగేవి. ఈ సంగతి తెలిస్తేనే మిగతావి అర్థమవుతాయి.

ఎంతమంది ఉండేవారు? ఆడవాళ్ళు ఎక్కువా, మగవాళ్ళా?

1100–1539 మధ్య ఇంగ్లండ్‌లో సుమారు 600 చోట్ల 780 మంది దాకా ఉన్నట్టు చరిత్రకారులు లెక్క తేల్చారు. ఇది కాగితాల్లో దొరికినవాళ్ళ లెక్క మాత్రమే. అన్ని శతాబ్దాల్లోనూ ఆడవాళ్ళే ఎక్కువ, 13వ శతాబ్దంలోనైతే మగవాళ్ళకు మూడు నాలుగు రెట్లు. మగవాళ్ళలో చాలామంది అప్పటికే గురువులు (గుడిలో పూజ చేసే ఫాదర్లు) లేదా మఠవాసులు. ఆడవాళ్ళలో ఎక్కువమంది మాత్రం మఠంలో అడుగుపెట్టని మామూలు గృహస్థుల బిడ్డలు, వితంతువులు. మఠంలో చేరాలంటే కట్నంలా ఏదో ఒకటి తెచ్చుకోవాలి, కులీన కుటుంబమైతే మంచిది. వడ్రంగి కూతురికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. గుడి పక్క గది ఆమెకు అందుబాటులో ఉండేది.

శిక్షగా గోడలో పెట్టి కట్టేసేవారట కదా?

ఇది వేరు, అది వేరు. ఏకాంతవాసం కోరి తీసుకున్నది. బతిమాలి, పరీక్షలకు నిలబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఎదురుచూసి సాధించుకున్నది. నేరానికి శిక్షగా గదిలో మూసిన సంఘటనలు ఎక్కడో ఒకటీ అరా ఉన్నాయి. పారిస్‌లోని హోలీ ఇన్నోసెంట్స్ స్మశానంలో, భర్తను చంపిన నేరానికి రెనె ద వాందొమ్వా అనే ఆవిడను 1485లో అలా మూశారు. అదే స్మశానంలో తన ఇష్టంతో దశాబ్దాలు గడిపి 1466లో కన్నుమూసిన ఆలిక్స్ లా బుర్గోత్ కూడా ఉంది. పక్కపక్కన ఉన్నా ఈ ఇద్దరి బతుకులూ ఒకటి కావు. గాలీ తిండీ అందకుండా ఇటుకల మధ్య చంపడమన్నది కథల్లో సంగతి. ఏకాంతవాసి గదికి కిటికీలుంటాయి, పనిమనిషి ఉంటుంది, చాలాచోట్ల పెరడు కూడా ఉంటుంది.

ఎవరు పడితే వాళ్ళు చేరవచ్చా? అనుమతి ఎలా వచ్చేది?

ముందు బిషప్‌కు అర్జీ పెట్టుకోవాలి. బిషప్ వెంటనే ఒప్పుకోడు. ఆ ప్రాంతపు గురువులకో అధికారికో ఉత్తరం రాసి విచారణ జరిపిస్తాడు. ఆ విచారణలో తేలాల్సినవి ఇవి: మనిషి నడవడి ఎలాంటిది, పెళ్ళి బంధం ఏదైనా ఉందా, మనసు నిలకడైనదేనా, ఊరివాళ్ళకూ గుడి మీద హక్కున్న దాతకూ సమ్మతమేనా, గది ఎక్కడ కడతారు. అన్నిటికంటే ముఖ్యం, చచ్చేదాకా తిండి ఎక్కడినుంచి వస్తుంది.

ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా అర్జీలు ఆగిపోయేవి. లోపలికి వెళ్ళాక ఆదరువు లేకపోతే ఆ భారం బిషప్ నెత్తిన పడుతుంది. అందుకే భూమి మీద వచ్చే రాబడో, ఒక దాత రాసిచ్చిన పత్రమో చూపించమనేవారు. కొందరికి ముందు కొంతకాలం పరీక్షగా ఉండమని చెప్పి, ఆ తర్వాతే శాశ్వతంగా తలుపు మూసేవారు. అది చాలా తెలివైన ఏర్పాటు. ఉత్సాహం మొదటి చలికాలం దాటుతుందా లేదా అన్నది ముందే తేలిపోతుంది.

లోపలికి వెళ్ళే రోజు ఏం జరిగేది?

ఆచారం మేత్రాసనానికొకలా, అంటే ఒక్కో బిషప్ ఏలుబడిలోని ప్రాంతానికి ఒకలా, ఉండేది గాని దాని వెన్నెముక ఒకటే. ముందురోజు ఉపవాసం, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), రాత్రి జాగరణ. తెల్లవారాక దివ్యబలిపూజ (గుడిలో జరిగే ప్రధాన పూజ). కొన్నిచోట్ల అది పరిశుద్ధాత్మ పూజ, కొన్నిచోట్ల మృతుల కోసం చేసే పూజ. ఆ మనిషి నేల మీద బోర్లా పడుకుంటాడు, పైన ప్రార్థనలు చదువుతారు. తర్వాత లేచి బలిపీఠం ముందు తన మాట ఇస్తాడు.

అక్కడినుంచి గదికి ఊరేగింపు. శవాన్ని సమాధికి తీసుకెళ్ళేటప్పుడు పాడే పాటలే పాడతారు. బిషప్ గది లోపలికి వెళ్ళి దీవిస్తాడు. కొన్ని క్రమాల్లో అక్కడే అవస్థాభ్యంగనం కూడా ఇచ్చేస్తారు, అంటే చావు దగ్గరపడ్డవాళ్ళకు పూసే నూనె. తెరిచి ఉన్న గోతిలోకి దిగమని చెప్పి, పైన ఇంత మట్టి చల్లడమూ ఉంది. ఆపైన అందరూ బయటికి వచ్చి తలుపు మూసేస్తారు. గోడ కట్టేసిన చోట్లున్నాయి, బయట తాళం పెట్టి బిషప్ ముద్ర వేసిన చోట్లూ ఉన్నాయి. లోకం దృష్టిలో ఆ మనిషి ఇక చనిపోయినట్టే.

గది ఎంత ఉండేది? కిటికీలు ఎన్ని?

ఒక కొలత లేదు. బవేరియాలో పాటించిన ఒక నియమావళి 12 అడుగులకు 12 అడుగుల రాతి గది, మూడు కిటికీలు అంటుంది. సర్రీలోని లెదర్‌హెడ్‌లో తవ్వకంలో బయటపడిన గది 8 అడుగుల చదరం. అదే సర్రీలో కాంప్టన్ గది మరీ చిన్నది, సుమారు 7 అడుగులకు 4 అడుగులు. ఉత్తరాన చెస్టర్-లి-స్ట్రీట్‌లో మాత్రం రెండంతస్తుల్లో ఎన్నో గదులున్న ఇల్లే ఉంది. అక్కడ 1383 నుంచి 1547 దాకా మగ ఏకాంతవాసులు ఒకరి తర్వాత ఒకరు ఉన్నారు. ఇప్పుడది మ్యూజియం.

కిటికీలు మామూలుగా మూడు. మొదటిది గుడిలోకి తెరుచుకుంటుంది. గోడలో ఏటవాలుగా కోసిన సన్నని కంత అది. మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి కంటికి బలిపీఠం నేరుగా కనిపించేలా కోణం చూసి కొడతారు. గురువు దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో పవిత్రం చేసిన రొట్టెను) పైకెత్తే క్షణం కనిపించాలి, అసలు ఉద్దేశం అదే. రెండోది పనిమనిషి వైపు. తిండి లోపలికి, మిగిలినవన్నీ బయటికి దాని గుండానే. మూడోది వీధి వైపు, సలహా కోసం వచ్చేవాళ్ళతో మాట్లాడడానికి. దానికి తెర ఉంటుంది.

ఆ తెర ఎలా ఉండాలో కూడా రాసిపెట్టారు. 13వ శతాబ్దం తొలినాళ్ళలో ముగ్గురు అక్కచెల్లెళ్ళ కోసం ఒక గురువు ఇంగ్లీషులో రాసిన ‘ఆంక్రెన్ విస్సె’ అనే నియమగ్రంథం ఉంది. ఈ పేజీలో ‘నియమగ్రంథం’ అన్నచోటల్లా అదే. తెర నల్లగుడ్డ, రెండు పొరలు, మీద లోపలికీ బయటికీ కనిపించేలా తెల్ల శిలువ. కిటికీలన్నీ చిన్నవిగా ఉండాలి, మాటల కిటికీ అన్నిటికంటే చిన్నది. చేయి బయట పెట్టకూడదు, ఎవరి చేయీ లోపలికి రానివ్వకూడదు.

చాలా గదులు గుడికి ఉత్తరం వైపున ఉన్నాయి. ఆ దేశంలో ఉత్తరపు గోడకు ఎండ తగలదు. నేల చెమ్మగా ఉంటుంది. కిటికీకి గాజు లేదా పల్చగా సాగదీసిన కొమ్ము రేకు ఉంటే ఉంది, లేకపోతే చెక్క తలుపే.

గదిలోనే సమాధి తవ్వుకునేవారన్నది నిజమా?

అందరూ అని కాదు గాని, నిజమే. రోజూ తన గోతిలోంచి చేతులతో ఇంత మట్టి గీకాలని నియమగ్రంథం చెబుతుంది. కావ్యోక్తి అనుకునేవాళ్ళున్నారు. లూయిస్ పట్టణంలోని సెయింట్ ఆన్ గుడి దగ్గర 1927లో తవ్వితే, బలిపీఠం చూసే కంత కిందనే సమాధి దొరికింది, అందులో ఒక స్త్రీ అస్థిపంజరం. పూజ చూడాలంటే ఆమె తన సమాధిలోకి దిగి మోకరించాల్సిందే. రోజూ.

పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేసేవారు?

ప్రార్థనే ప్రధాన వృత్తి. నిద్ర లేస్తూనే పరిశుద్ధాత్మ గీతం, తర్వాత దేవమాత పేరిట రోజంతా ఘడియలవారీగా చెప్పే జపాలు, మృతుల కోసం ప్రార్థన, ఏడు పశ్చాత్తాప కీర్తనలు, పరిశుద్ధుల ప్రార్థనమాల. వీటి మధ్య ఎన్ని పరలోక జపాలు, ఎన్ని మంగళవార్త జపాలు చెప్పాలో, ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, ఎప్పుడు నేలకు వంగాలో లెక్క ఉంది. చదవడం వచ్చినవాళ్ళు ఇంగ్లీషు, ఫ్రెంచి పుస్తకాలు చదివేవారు. చదువు కూడా ప్రార్థనే అని, మోకాళ్ళ మీద జపం కాస్త తగ్గించి ఎక్కువ చదవమని నియమగ్రంథం అంటుంది. అది రాసిన గురువు మనుషుల్ని ఎరిగినవాడనిపించే చోట్లలో ఇదొకటి.

చేతిపని తప్పనిసరి. గుడికి కావలసిన వస్త్రాలు, పేదలకు బట్టలు కుట్టాలి. స్నేహితుల్ని సంపాదించుకోవడానికి చిన్న చిన్న పర్సులు, పట్టీలు అల్లిపెట్టడం వద్దు. వ్యాపారం వద్దు. బడి పెట్టకూడదు. చిన్నపిల్లలకు చదువు చెప్పాల్సివస్తే పనిమనిషి చెప్పాలి. ఉత్తరాలు రాయాలన్నా, అందుకోవాలన్నా అనుమతి కావాలి.

శుక్రవారాలు మౌనం, ఈస్టర్‌కు ముందు పవిత్ర వారమైతే శనివారం మధ్యాహ్నం దాకా మౌనమే. దివ్యసత్ప్రసాదం ఏడాదికి 15 సార్లు. ఇప్పటి కథోలిక పాఠకులకు తక్కువనిపిస్తుంది గాని, ఏడాదికి ఒక్కసారి తీసుకునే ఊరిజనంతో పోలిస్తే చాలా ఎక్కువ.

ఏడాదికి నాలుగుసార్లు నెత్తురు తీయించుకోవాలి. అప్పటి వైద్యం అది. తీయించుకున్నాక మూడు రోజులు బరువైన పని ఏదీ పెట్టుకోకుండా, పనిమనుషులతో కూర్చుని మంచి కథలు చెప్పుకుని సేదదీరమని రాశాడు.

ఒంటిని హింసించుకునేవారా?

కొందరు, ముఖ్యంగా 12వ శతాబ్దంలో. సోమర్సెట్‌లోని హేసెల్బరీలో 1125లో గదిలోకి వెళ్ళిన వుల్ఫ్రిక్ అనే గురువు ఇనుప గొలుసుల కవచం ఒంటిమీద వేసుకునేవాడు, రాత్రిళ్ళు చన్నీళ్ళ తొట్టిలో దిగి కీర్తనలు చదివేవాడు. రాజులే వచ్చి ఆయన్ని కలిశారు. నూరేళ్ళు తిరగకముందే నియమగ్రంథం వేరే స్వరంతో మాట్లాడుతుంది. ఇనుము, గుర్రపు వెంట్రుకల బట్ట, ముళ్ళపంది తోలు ఒంటికి తగలనివ్వకూడదు, సీసం కట్టిన కొరడాలు, ముళ్ళకొమ్మలు వద్దు, పాపసంకీర్తనం వినే గురువు ఒప్పుకుంటే తప్ప. బట్టలు తెలుపైనా నలుపైనా ఫరవాలేదు, ముతకగా, వెచ్చగా, బాగా కుట్టినవై ఉండాలి. చలికాలం మందపాటి చెప్పులు. ముప్పై నలభై ఏళ్ళు నిలబడాల్సిన ఒళ్ళు అది. మొదటి ఏడాదే పాడుచేసుకుంటే మిగతా ప్రార్థన ఎవరు చేస్తారు?

ఏం తినేవారు?

మాంసం, పంది కొవ్వు పూర్తిగా నిషేధం, బాగా జబ్బు పడితే తప్ప. ఈస్టర్ నుంచి సెప్టెంబరు 14న వచ్చే పవిత్ర శిలువ పండుగ దాకా రోజుకు రెండు పూటలు, శుక్రవారాలూ కొన్ని ఉపవాస దినాలూ మినహా. ఆ పండుగ నుంచి మళ్ళీ ఈస్టర్ దాకా, అంటే సరిగ్గా చలికాలమంతా, ఆదివారాలు తప్ప రోజుకు ఒక్క పూటే. మామూలు తిండి రొట్టె, బఠాణీ చిక్కుళ్ళ జాతి గింజలతో కూరగాయలతో కాచిన చిక్కటి జావ, చేప, రోజును బట్టి జున్ను. తాగడానికి పల్చటి బీరు.

ఒక గది సామాను చిట్టా మొత్తం మనకు దొరికింది. లాంకషైర్‌లోని వాలీ మఠం దగ్గర ఒక ఏకాంతవాసినికి, ఆమె ఇద్దరు పనిమనుషులకు లాంకాస్టర్ డ్యూక్ హెన్రీ 1360లో ఏర్పాటు చేశాడు. వారానికి మఠం వాళ్ళు తినే రకం రొట్టెలు 17, రెండో రకం 7, బీరు 8 గ్యాలన్లు, పైఖర్చుకు 3 పెన్నీలు. ఏడాదికి పెద్ద ఎండుచేపలు 10, జావకు ఓట్ల పిండి ఒక బుషెల్ (ధాన్యం కొలిచే పెద్ద కొలత), రై గింజలు ఒక బుషెల్, దీపానికి నూనె 2 గ్యాలన్లు, కొవ్వొత్తులకు కొవ్వు ఒక పౌను, మంటకు పీటు మట్టి గడ్డలు ఆరు బండ్లు, కట్టెపుల్లలు ఒక బండి. ముగ్గురికి రోజుకు మూడు నాలుగు రొట్టెలు, నాలుగున్నర లీటర్లకు పైగా బీరు వస్తాయి. కడుపుకు లోటు లేదు. కానీ కొవ్వొత్తుల సంగతి చూడండి, ఏడాదంతటికీ ఒక్క పౌను, అంటే అరకిలో కూడా లేదు. చలికాలపు పొడవాటి రాత్రులు నూనెదీపం వెలుతురుతోనే నెట్టుకురావాలి.

ఖర్చు ఎవరు పెట్టుకునేవారు?

అందరూ తలా కొంచెం. రెండో హెన్రీ కాలం నుంచి రాజు ఖజానా లెక్కల్లో ఏకాంతవాసుల పేర ముట్టజెప్పిన సొమ్ము కనిపిస్తుంది. మామూలు రేటు రోజుకు ఒక పెన్నీ, ఏడాదికి 30 షిల్లింగుల 5 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు). గొప్ప మొత్తమేమీ కాదు గాని క్రమం తప్పకుండా వచ్చేది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఇఫ్లీలో 1230ల్లో ఉన్న అనోరా అనే ఏకాంతవాసినికి మూడో హెన్రీ కట్టెలు, ధాన్యం, బట్ట పంపించేవాడు.

రాజుల కంటే ముఖ్యం ఊరివాళ్ళు. 14, 15 శతాబ్దాల వీలునామాల్లో ‘ఫలానా గుడి ఏకాంతవాసికి ఇన్ని పెన్నీలు’ అన్న పద్దు మామూలు విషయం. నార్విచ్ పట్టణంలోని ఏకాంతవాసిని జూలియన్ అందుకు మంచి ఉదాహరణ. 1404లో ఒక గురువు ఆమెకు 12 పెన్నీలు, పనిమనిషి సారాకు 8 పెన్నీలు రాశాడు. 1415లో మరొకరు ఆమెకు 40 పెన్నీలు రాశారు, పనిమనిషికీ, అంతకుముందు చేసి మానేసిన ఆలిస్‌కూ వాటా ఉంది. 1416లో సఫోక్ కౌంటెస్ ఇసబెల్ 20 షిల్లింగులు రాసింది. ఇచ్చినవాళ్ళకు బదులుగా దక్కేది ఒకటే, తమ ఆత్మ కోసం రాత్రనక పగలనక ఎవరో ప్రార్థిస్తున్నారన్న భరోసా.

లెక్క తప్పితే రెండు వైపులా ప్రమాదమే. తక్కువైతే ఏకాంతవాసి కిటికీ దగ్గర భిక్షగత్తె అయిపోతుంది. ఎక్కువైతే పేదలు కిటికీ ముందు బారులు తీరతారు, ఆమె పంచిపెట్టే పనిలో పడుతుంది, జపం ఆగిపోతుంది. అందుకే మిగిలింది ఎప్పటికప్పుడు, తన చేతుల మీదుగా కాకుండా ఇచ్చేయమన్నారు.

పనిమనుషులు లేకుండా కుదరదా?

కుదరదు. నీళ్ళు, కట్టెలు, వంట, బట్టలు, మలమూత్రాల కుండ, గుడికి కబురు, అన్నీ వాళ్ళ చేతుల మీదే నడవాలి. రీవో మఠాధిపతి ఆల్రెడ్ 1160ల ప్రాంతంలో ఏకాంతవాసినిగా ఉన్న తన సోదరికి రాసిన సలహాల్లో, నమ్మకమైన ఒక పెద్దావిడనూ, బరువు పనికి ఒక బలమైన పిల్లనూ పెట్టుకోమన్నాడు. నియమగ్రంథం కూడా ఇద్దరే అంటుంది. ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. బయటికి వెళ్ళేది వయసు మళ్ళినదై, అలంకారం లేనిదై ఉండాలి. దారిలో జపం చెప్పుకుంటూ పోవాలి, ఎవరింట్లోనూ కూర్చోకూడదు. జీతం లేదు, తిండీ బట్టా మాత్రమే. తమకు సంబంధించిన భాగం వాళ్ళకు నోటికి వచ్చేదాకా వారానికొకసారి ఏకాంతవాసినే చదివి వినిపించాలి.

వీళ్ళ పేర్లు ఎక్కడా నిలవవు. సారా, ఆలిస్ వీలునామాల పుణ్యమా అని మిగిలారు. ఒకరి ఏకాంతం వెనుక ఇంకో ఇద్దరి రెక్కల కష్టం ఉంది. ఆ ఇద్దరినీ తీసేసి ఏకాంతవాసిని ఒక్కదాన్నే తలచుకోవడం న్యాయం కాదు.

పిల్లిని పెంచుకోవచ్చా?

ఒక్క పిల్లిని మాత్రం పెంచుకోవచ్చు. ఆవు వద్దు, ఎందుకంటే ఆవు ఎవరి చేనులోనో పడుతుంది, బందెలదొడ్డివాడు తోలుకుపోతాడు, ఏకాంతవాసిని అతన్ని మంచి చేసుకోవాల్సివస్తుంది, జరిమానా కట్టాల్సివస్తుంది, మనసంతా దాని మీదే ఉంటుంది. తప్పనిసరై పెట్టుకుంటే దానివల్ల ఎవరికీ చేటు రాకుండా చూసుకోవాలి. ఇతరుల సొమ్ము దాచిపెట్టడమూ ఇందుకే నిషేధం. దొంగల భయానికి జనం తమ పెట్టెలు, దస్తావేజులు, చివరికి గుడి పాత్రలు కూడా ఈ గదిలో దాచమని తెచ్చేవారు.

మామూలుగా ఎక్కడ బెడిసికొట్టేది?

మొదటిది మాటల కిటికీ. ఆల్రెడ్ తన సోదరిని ముందుగా హెచ్చరించినది దీని గురించే. కిటికీ ముందు ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చే ముసలమ్మ తిష్ఠ వేస్తుంది. ముందు ఎవరో గురువు గురించి, తర్వాత పడుచుపిల్లల గురించి, అలా నవ్వులాటలో పడి పొద్దుపోతుంది. ఆ రాత్రి జపం చెప్పబోతే నోరు మాత్రమే కదులుతుంది.

రెండోది కట్టడంలో తప్పు. మార్గరెట్ కర్క్‌బీ 1348లో యార్క్‌షైర్‌లోని ఈస్ట్ లేటన్‌లో గదిలోకి వెళ్ళింది. తపసి రిచర్డ్ రోల్ ఆమె కోసమే ఒక పుస్తకం రాసిచ్చాడు. తీరా ఆ గదిలోంచి పూజ సరిగా కనిపించదు. చివరికి 1357లో ఆర్చిబిషప్ అనుమతితో ఆమెను ఎయిండర్బీ గుడి దగ్గరికి మార్చారు. గోడలో కంత కోణం తప్పితే తొమ్మిదేళ్ళ అవస్థ.

మూడోది పనిమనుషుల వ్యవహారం. వాలీలో అంత చక్కటి ఏర్పాటు కూడా దీనితోనే కూలింది. 15వ శతాబ్దంలో అక్కడున్న ఇసోల్డ్ హెటన్ గది వదిలి వెళ్ళిపోయింది. పనిమనుషులు మఠం ఆవరణలోనే గర్భవతులవుతున్నారని మఠవాసులు రాజుకు ఫిర్యాదు చేశారు. ఆరో హెన్రీ ఆ గదిని రద్దు చేసి, ఆ సొమ్ముతో పూజలు చేయడానికి గురువులను పెట్టించాడు.

ఇవి కాక యుద్ధం, అగ్గి. 1087లో ఇంగ్లండ్ రాజు విజేత విలియం ఫ్రాన్స్‌లోని మాంత్ పట్టణాన్ని తగలబెట్టినప్పుడు ఒక ఏకాంతవాసిని గది వదలడం ధర్మం కాదని లోపలే కాలిపోయింది. ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో 916లో గదిలోకి వెళ్ళిన విబొరాడా, మగ్యార్లు (హంగరీ దండు) వస్తున్నారని ముందే తెలిసి, మఠంలోని పుస్తకాలనూ మనుషులనూ తరలించమని చెప్పి, తాను కదలక 926లో వాళ్ళ చేతుల్లో చనిపోయింది.

మనసు మారితే బయటికి రావచ్చా?

రాకూడదు. వస్తే బహిష్కారం. అయినా వచ్చినవాళ్ళున్నారు. సర్రీలోని షీర్ గ్రామంలో క్రిస్టీన్ అనే వడ్రంగి కూతురు 1329లో బిషప్ అనుమతితో సెయింట్ జేమ్స్ గుడి ఉత్తరపు గోడ పక్క గదిలోకి వెళ్ళింది. కొద్ది కాలానికే బయటికి వచ్చేసింది. తర్వాత మళ్ళీ తనను లోపలికి తీసుకోమని అప్పట్లో ఫ్రాన్స్‌లోని ఆవిన్యాన్‌లో ఉన్న పోపు దర్బారుకు మొరపెట్టుకుంది. 1332లో వించెస్టర్ బిషప్ ఆదేశం వచ్చింది. నాలుగు నెలల్లోపు తిరిగి లోపలికి వెళితే బహిష్కారం తప్పుతుంది, చేసిన తప్పుకు తగిన ప్రాయశ్చిత్తం ఇవ్వాలి. ఆమె పూజ చూసిన ఏటవాలు కంత, సత్ప్రసాదం అందుకున్న నాలుగు రేకుల పూవు ఆకారపు కిటికీ ఇప్పటికీ ఆ గోడలో ఉన్నాయి. లోపలికి వెళ్ళాలన్న కోరికా, ఉండలేని బాధా, మళ్ళీ వెళ్ళాలన్న తపనా ఒక్క మనిషిలోనే ఉన్నాయి. ఆమెను పిరికిదని తీర్పు చెప్పడానికి మనకు అర్హత లేదు.

జనం సలహా కోసం వచ్చేవారా?

రాజుల దగ్గరినుంచి వచ్చేవారు. 1381 రైతుల తిరుగుబాటులో నాయకులను కలవబోయే ముందు రెండో రిచర్డ్ వెస్ట్‌మినిస్టర్ మఠంలోని ఏకాంతవాసితో మాట్లాడాడు. 1413లో తండ్రి చనిపోయిన రాత్రి ఐదో హెన్రీ వెళ్ళింది కూడా అక్కడికే. కాంటర్బరీ దగ్గర హాకింగ్టన్‌లో 1221 నుంచి నలభై ఏళ్ళకు పైగా ఉన్న లొరెట్టా ఒకప్పటి లెస్టర్ కౌంటెస్. ఆ పదవికి సంబంధించిన పాత హక్కులేమిటో చెప్పమని 1265లో రాజు పేరిట ఆమెకే ఉత్తరం వెళ్ళింది.

నార్విచ్ జూలియన్ దగ్గరికి 1413 ప్రాంతంలో లిన్ పట్టణం నుంచి మార్జరీ కెంప్ వచ్చి కొన్ని రోజులుంది. తనకు కలిగే దర్శనాలు దేవుడివేనా, మోసమా అన్నది ఆమె సందేహం. ఇలాంటి విషయాల్లో జూలియన్ మాటకు విలువ ఉండేది, ఎందుకంటే ఆవిడకే ముప్పై ఏళ్ళ వయసులో, 1373 మే నెలలో, చావు అంచున ఉండగా దర్శనాలు కలిగాయి. వాటి గురించి ఆవిడ రాసినదే, ఒక స్త్రీ ఇంగ్లీషులో రాసినట్టు మనకు తెలిసిన మొట్టమొదటి పుస్తకం. సృష్టి మొత్తం అరచేతిలో హేజెల్‌నట్ గింజంత కనిపించిందన్న చోటు అందులోదే. నార్విచ్‌లో ఇప్పుడు చూపించే గది అసలుది కాదు. 1942 బాంబుదాడిలో గుడి కూలిపోతే, 1953లో గుడితోపాటు గదినీ తిరిగి కట్టారు.

జబ్బు చేస్తే? చనిపోతే?

జబ్బు చేస్తే ఉపవాసాలు ఆగుతాయి, మాంసపు రసం కూడా ఇవ్వవచ్చు, గురువు కిటికీ దగ్గరికి వస్తాడు. చనిపోతే చాలామందిని గదిలోనో గుడిలోనో పాతిపెట్టేవారు.

యార్క్‌లోని ఫిషర్‌గేట్ ఆల్ సెయింట్స్ గుడి స్థలంలో తవ్వకాల్లో దొరికిన ఒక స్త్రీ అస్థిపంజరం మీద 2023లో వచ్చిన అధ్యయనం దీనికి కొత్త వెలుగునిచ్చింది. ఆవిడను గుడి తూర్పు కొసన, గొప్పవాళ్ళకు మాత్రమే దక్కే చోట, మోకాళ్ళు ముడుచుకున్న భంగిమలో పాతారు. కీళ్ళు చీముపట్టి పాడయ్యాయి, సిఫిలిస్ ముదిరిన గుర్తులు ఎముకల మీద ఉన్నాయి. 1428 నుంచి 1448 దాకా ఆ గుడి దగ్గర ఏకాంతవాసినిగా ఉన్న లేడీ ఇసబెల్ జర్మన్ ఆవిడే అయ్యుండవచ్చని పరిశోధకుల అభిప్రాయం. అలాంటి జబ్బుతో ఉన్న మనిషిని వెలివేయకుండా ఊరు ఇంత గౌరవంగా చూసుకుందంటే, మధ్యయుగం గురించి మనం తేలిగ్గా అనేసే మాటలు కొన్ని వెనక్కి తీసుకోవాలి.

ఈ పద్ధతి ఎప్పుడు ఆగిపోయింది?

ఎనిమిదో హెన్రీ 1536–1540 మధ్య మఠాలను మూసేయడంతో. దాతలు, రాబడి, మృతుల కోసం ప్రార్థన అన్న నమ్మకం, మూడూ ఒకేసారి పోయాయి. లండన్ చివరి ఏకాంతవాసి సైమన్ ఆపుల్బీ, 1513లో ఆల్ హాలోస్ లండన్ వాల్ గుడి గదిలోకి వెళ్ళి 1537లో కన్నుమూశాడు. నార్విచ్‌లోని కాథరిన్ మాన్ గది మూతపడ్డాక కూడా బతికే ఉంది. నగర పాలకులు ఆమెకు ఏడాదికి 20 షిల్లింగుల భృతి ఇచ్చారు.

ఇంగ్లండ్ వెళితే పాత గుడిలో ఇలాంటి గది ఆనవాలు ఎలా గుర్తుపట్టాలి?

ముందు గుడి బయట, బలిపీఠం ఉండే తూర్పు భాగానికి ఉత్తరపు గోడ చూడండి. పూడ్చేసిన చిన్న తలుపు, ఏటవాలు కప్పు గోడను తాకిన చోట మిగిలిన గీత, దూలాలు దూర్చిన గుంతలు కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. తర్వాత లోపలికి వెళ్ళి అదే చోట గోడలో కంత ఉందేమో వెతకండి. ఉంటే బయటివైపు అది నేల నుంచి ఎంత ఎత్తున ఉందో చూడండి. మోకరించిన మనిషి కంటి ఎత్తులో ఉండి, చూపు నేరుగా బలిపీఠం మీదికి పోతుంటే అది ఏకాంతవాసి కంత అయ్యే అవకాశం ఎక్కువ.

రెండు రకాలు చూసి పొరబడతారు. గుడి లోపలే పక్క నడవ నుంచి పీఠం కనిపించడానికి గోడలో కోసిన కంతలు చాలా గుడుల్లో ఉన్నాయి, వాటికి రెండు వైపులా గుడే ఉంటుంది. రెండోది దక్షిణపు గోడలో కింద ఉండే చిన్న కిటికీ. దాన్ని చాలాచోట్ల కుష్ఠురోగుల కిటికీ అని చూపిస్తారు, ఆ మాటకు ఆధారం లేదు, మామూలుగా అది ఏకాంతవాసిదీ కాదు. ఏ కంత దగ్గరైనా బయట గోడను ఆనుకుని పునాది రాళ్ళు దొరికితేనే గది ఉందని గట్టిగా చెప్పగలం. షీర్, హార్డమ్, కాంప్టన్, చెస్టర్-లి-స్ట్రీట్ ముందు చూసి కన్ను అలవాటు చేసుకుంటే మిగతా చోట్ల గుర్తుపట్టడం సులువవుతుంది.